ఫోన్‌లో వైరస్ అంటూ వచ్చే నోటిఫికేషన్లు ఆపాలంటే

"మీ ఫోన్‌లో 5 వైరస్‌లు ఉన్నాయి" అంటూ గంటకోసారి టింగుమని మోగుతుంటే మొదట టెన్షన్ పడ్డాను. తీరా చూస్తే అది వైరస్ కాదు. ఎప్పుడో ఒక సైట్ "మీరు రోబో కాదని నిరూపించడానికి అలౌ నొక్కండి" అంటే నొక్కేశాను, దాంతో నోటిఫికేషన్లు పంపడానికి ఆ సైట్‌కు అనుమతి ఇచ్చినట్టయింది, అంతే. హిస్టరీ చెరిపినా ఆగలేదు, ఎందుకంటే ఆ అనుమతి వేరేచోట ఉంటుంది.

ఆ నోటిఫికేషన్‌ను నొక్కకుండా, అందులో చిన్న అక్షరాల్లో కనిపించే సైట్ పేరు చూసుకోండి. క్రోమ్ తెరిచి, మూడు చుక్కలు, సెట్టింగ్స్, సైట్ సెట్టింగ్స్, నోటిఫికేషన్స్‌లోకి వెళ్లండి. అనుమతి ఉన్న సైట్ల జాబితా వస్తుంది. నా దాంట్లో అయితే అర్థంపర్థం లేని అక్షరాలతో మూడు పేర్లు కనిపించాయి! ఒక్కోదాన్నీ నొక్కి బ్లాక్ చేశాను. రెండు నిమిషాల పని. అదే పేజీలో పైనున్న స్విచ్ ఆఫ్ చేస్తే ఇక కొత్త సైట్లు అడగవు కూడా.

నోటిఫికేషన్ మీద క్రోమ్ బదులు, బ్రౌజర్ కాని వేరే యాప్ పేరుంటే మాత్రం ఇది పనిచేయదు. అప్పుడు ఆ యాప్‌నే తీసేయాలి.