పాత ఆంప్లిఫయర్ అమ్మేముందు ఒకసారి మూత విప్పండి

"అన్నీ మార్చేశామండీ, లోపలంతా కొత్తదే." పాత ఆంప్లిఫయర్ అమ్మేటప్పుడు ఈ ఒక్క మాట నోరు జారకూడదు. నేను జారాను. బెజవాడ గవర్నర్‌పేటలో మా ముందు గదిలో కూర్చుని, గుంటూరు బ్రాడీపేట నుంచి వచ్చిన మాస్టారు ఒకాయన పది నిమిషాలు పాటలు విన్నారు. "బాగుందండీ, ఒకసారి మూత విప్పుదామా?" అన్నారు. స్క్రూడ్రైవర్ కూడా ఆయన జేబులోదే. విప్పితే పవర్ సప్లై బోర్డు మీద చార్జ్ నిలవ ఉంచే పాత కండెన్సర్లు రెండు, నెత్తి ఉబ్బి, పాడైపోయి కనిపించాయి. "ఇవీ మార్చినవేనాండీ?" అని అడిగారు, అంతే. మెకానిక్ నాతో అన్నీ అన్నాడు, నేను మాస్టారితో అన్నీ అన్నాను, మధ్యలో మూత విప్పి చూసినవాడు లేడు. సెట్టు ఆ రోజు అమ్ముడుపోలేదు, సరే. కానీ ఈ పిచ్చి ఉన్నవాళ్లు బెజవాడ, గుంటూరు కలిపినా ఒకరికొకరు తెలిసినవాళ్లే. నా సంగతి నాలుగు రోజుల్లో అందరికీ చేరిపోయింది.

కాబట్టి మొదటి పని ఏది మార్చారో, ఏది మార్చలేదో మీ కళ్లతో చూసి కాగితం మీద రాయడం. ప్లగ్ పీకి కాసేపు ఆగండి. పెద్ద ఫిల్టర్ కండెన్సర్లు ప్లగ్ పీకాక కూడా చార్జ్ పట్టుకునే ఉంటాయి. స్క్రూడ్రైవర్ మొన ఆనించి ఠప్పుమనిపించడం మెకానిక్కులు చేస్తుంటారు, మీరు చేయకండి. రెసిస్టర్ ద్వారా ఆ చార్జ్ దింపి, మల్టీమీటర్‌తో సున్నా దగ్గరికి వచ్చిందని చూసుకున్నాకే చేయి పెట్టండి. ట్రాన్సిస్టర్ల బదులు గాజు వాల్వులతో నడిచే సెట్టయితే లోపల 400 వోల్టులు కూడా ఉండొచ్చు. అలవాటు లేకపోతే దాని మూత తెలిసినవాళ్లతోనే విప్పించండి.

చిట్టాలో "కండెన్సర్లు మార్చాం" అని రాస్తే చాలదు. ఏ బోర్డులోవి, ముందు ఎంత విలువ ఉండేది, ఇప్పుడెంత, ఎన్ని వోల్టులవి, 85 డిగ్రీల వేడి తట్టుకునే రకమా 105 డిగ్రీల రకమా అన్నీ రాయాలి. స్పీకర్లను నడిపే ఔట్‌పుట్ ట్రాన్సిస్టర్లు మార్చి ఉంటే నంబర్లు రాసి, ఎక్కడ కొన్నారో చెప్పండి. మార్కెట్లో నకిలీవి చాలా తిరుగుతున్నాయి, పైన అచ్చు చూసి పోల్చుకోవడం కష్టం. పీకేసిన పాత భాగాలు పారేయకుండా ఒక కవర్లో వేసి సెట్టుతో పాటే ఇచ్చేయండి. కొనేవాడికి అంతకు మించిన సాక్ష్యం లేదు.

ఇంకో సంగతి ఒప్పుకోవాలి. మనం అప్‌గ్రేడ్ అనుకున్నది ఎదుటివాడికి పాడుచేయడంలా కనిపించొచ్చు. 10,000 మైక్రోఫారడ్ల కండెన్సర్ల చోట 22,000వి వేస్తే బేస్ గట్టిగా వస్తుందని సంబరపడతాం. స్విచ్ వేసిన క్షణంలో అవి లాగే కరెంటు కూడా పెరుగుతుంది, ఆ భారం ఏసీని డీసీ చేసే బ్రిడ్జి రెక్టిఫయర్ మీద, యాభై ఏళ్ల పాత స్విచ్ కాంటాక్టుల మీద పడుతుంది. ఫ్యూజు ఊరికే పోతోందని ఎవరైనా పెద్ద ఫ్యూజు వేసి ఉంటే, అమ్మేముందు వెనక రాసి ఉన్న విలువే మళ్లీ వేయండి. అది వేస్తే నిలవట్లేదంటే సెట్టు ఇంకా అమ్మకానికి సిద్ధం కాలేదు. వెనక ప్యానెల్‌కు కొత్త కన్నాలు పెట్టి స్పీకర్ టెర్మినళ్లు మార్చినవాటిని ఒరిజినల్ కావాలనేవాళ్లు ముట్టుకోరు. పెట్టిన ఖర్చంతా ధరలో కలుపుదామనుకోవడం కూడా అత్యాశే. రిపేరుకు పదిహేను వేలయిందంటే కొనేవాడు తలూపుతాడు, బేరం మాత్రం అక్కడి నుంచి మొదలుపెట్టడు.

ఇక పరీక్ష. చాన్నాళ్లు మూలనపడ్డ సెట్టును నేరుగా గోడ ప్లగ్గులో పెట్టకండి, సెట్టుకు వెళ్లే కరెంటు బల్బు గుండా పోయేలా సీరీస్ బల్బు ద్వారా పెట్టండి. మన ఎలక్ట్రీషియన్ల దగ్గర ఉండే పాత ఫిలమెంటు బల్బు బోర్డే, ఎల్ఈడీ బల్బు దీనికి పనికిరాదు. బల్బు ఒక్క క్షణం వెలిగి మసకబారితే నిశ్చింత. వెలుగుతూనే ఉంటే లోపల ఎక్కడో షార్ట్ ఉన్నట్టు, అక్కడే ఆపేయండి.

అది గట్టెక్కాక డీసీ ఆఫ్‌సెట్, అంటే పాట లేకపోయినా స్పీకర్ల వైపు వచ్చే డీసీ వోల్టేజి. స్పీకర్లు తీసేసి, పాట పెట్టకుండా, వాల్యూం సున్నాలో ఉంచి, ఇరవై నిమిషాలు వేడెక్కనిచ్చి, స్పీకర్ టెర్మినళ్ల దగ్గర మల్టీమీటర్‌తో డీసీ మిల్లీవోల్టులు చూడండి. 50 లోపుంటే మామూలుగా ఫర్వాలేదు. వందలు దాటితే రిపేరు చేయించాకే ఎవరినైనా పిలవండి. వోల్టుల్లో వస్తోందంటే కొన్నవాడి ఊఫర్ కాయిల్ కాలిపోతుంది, మీ ఆంప్ ధర కంటే ఆ స్పీకర్ ధరే ఎక్కువ కావచ్చు. రెండు చానెళ్ల రీడింగులూ తేదీ వేసి చిట్టాలో రాయండి.

మే నెలలో అమ్మేవాళ్లకు ఇంకొంచెం పని ఉంది. మన ఊళ్లో 42, 43 డిగ్రీలు మామూలే. ఏసీ గదిలో బుద్ధిగా పాడిన సెట్టు మామూలు గదిలో మధ్యాహ్నం రెండింటికి ఎలా ఉంటుందో ఫ్యాన్ ఆపి రెండు గంటలు పాడించి చూడండి. ఒక పక్క హీట్ సింక్ రెండో పక్క కంటే బాగా వేడెక్కితే బయాస్ (పాట లేనప్పుడు కూడా ఔట్‌పుట్ ట్రాన్సిస్టర్లలో పారే కరెంటు) తప్పిందేమో చూపించుకోవాలి. వాల్యూం తిప్పితే గరగర వస్తే ఎలక్ట్రానిక్స్‌కు వాడే కాంటాక్ట్ క్లీనర్ కొట్టండి, కుట్టుమిషన్ నూనె పోయకండి.

వోల్టేజి సంగతి చాలామంది తేలిగ్గా తీసుకుంటారు. జపాన్ లోపలి మార్కెట్ కోసం చేసిన సెట్టు 100 వోల్టులది, అమెరికాది 120. రంగు, నాబ్‌లు అన్నీ ఒకటే, తెలియనివాడు 230లో పెడితే ట్రాన్స్‌ఫార్మర్ పొగలు కక్కుతుంది. 230ని 110కి దించే స్టెప్‌డౌన్ ట్రాన్స్‌ఫార్మర్ పెట్టి జపాన్ సెట్టు వాడేవాళ్లున్నారు. అర్ధరాత్రి మన లైను 245కి పోయిందనుకోండి, ఆ స్టెప్‌డౌన్ 117 ఇస్తుంది, 100 తాగాల్సిన సెట్టు 117 తాగుతుంది. వెనక ప్యానెల్ ఫోటో స్పష్టంగా పంపండి. వోల్టేజి మార్చే సెలెక్టర్ ఉంటే 230 లేదా 240 దగ్గర పెట్టి టేపు అంటించండి. లేకపోతే వైరుకే పెద్ద అక్షరాల చీటీ కట్టండి.

వాట్ల దగ్గర గొప్పలు పోకండి. 1974లో అమెరికా ఫెడరల్ ట్రేడ్ కమిషన్ ఆంప్లిఫయర్ల పవర్ ఎలా కొలిచి చెప్పాలో నియమం పెట్టేదాకా కంపెనీలే ఇష్టమొచ్చిన అంకెలు వేసుకునేవి. 1978లో వచ్చిన నాడ్ 3020 ఆంప్ కాగితం మీద చానెల్‌కు 20 వాట్లే, దాన్ని వెతుక్కుంటూ వచ్చేవాళ్లు ఇప్పటికీ ఉన్నారు.

2024 సెప్టెంబరులో బుడమేరు పొంగి సింగ్‌నగర్, పాయకాపురం మునిగినప్పటి నుంచి బెజవాడ సెట్టంటే ఒక ప్రశ్న ఖాయం: "ఏవండీ, ఇది వరదలో మునిగిందా?" కోపం తెచ్చుకోకండి, అడగడంలో తప్పు లేదు. అడక్కముందే సెట్టు తిరగేసి అడుగు భాగం, ట్రాన్స్‌ఫార్మర్ రేకులు, స్క్రూల తలలు దగ్గరగా ఫోటో తీసి పంపండి. తుప్పు, తెల్లటి పొరలు, మట్టి చార ఎక్కడుంటాయో తెలిసినవాడు అక్కడే చూస్తాడు. నిజంగానే మునిగి బాగుచేయించినదైతే ఆ మాటా చెప్పేసి, ధర తగ్గించుకోండి.

చూడ్డానికి వచ్చేవాళ్లను పగటిపూట రమ్మనండి, ఇంట్లో ఇంకొకరు ఉన్నప్పుడు. వాళ్లకు అలవాటైన పాటలు వాళ్లే తెచ్చుకోమనండి. వచ్చేసరికి సెట్టు చల్లగా ఉంటే మంచిది. ముందే వేడెక్కించి ఉంచితే, ఆన్ చేయగానే వచ్చే ఠప్పు, స్పీకర్లను కలిపే రిలే ఆలస్యం దాస్తున్నారని అనుమానిస్తారు. స్పీకర్ వైర్లు మార్చేటప్పుడు మాత్రం సెట్టు ఆపాల్సిందే. ఉత్సాహంలో ఆన్‌లో ఉండగానే వైరు పీకి రెండు కొసలు తాకిస్తే ఔట్‌పుట్ ట్రాన్సిస్టర్లు పోతాయి, ఎవరి చేతిలో పోయిందన్న గొడవ మిగులుతుంది.

డబ్బు విషయంలో ఎక్కువ చెప్పను. మీకు డబ్బు రావడానికి యూపీఐ పిన్ కొట్టాల్సిన పని లేదు. ఎవరైనా క్యూఆర్ పంపి "ఇది స్కాన్ చేస్తే మీకు పడుతుందండీ" అంటే ఫోన్ పెట్టేయండి. స్క్రీన్‌షాట్ నమ్మకండి, మీ బ్యాంకు ఖాతాలో పడిందో లేదో చూశాకే సెట్టు కదలాలి. మోసపోయామని తెలిసిన వెంటనే సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చేయాలి, ఎంత తొందరగా చేస్తే అంత మంచిది. చూడకుండానే అడ్వాన్స్ ఇస్తానంటే, వద్దనుకుంటే తిరిగిస్తారో లేదో ముందే మెసేజ్‌లో రాసుకోండి. అప్పగించేటప్పుడు మోడల్, సీరియల్ నంబర్, మీ చిట్టా, "ఉన్నది ఉన్నట్టు అమ్మాను" అన్న మాట, తేదీ, రెండు సంతకాలు. తేడా వస్తే చెప్పడానికి నేనైతే వారం గడువు ఇస్తాను. అది నా అలవాటు, అందరూ ఇవ్వాలని లేదు.

పార్సిల్‌లో పంపడం నాకు ఇష్టం లేదు. పన్నెండు, పదిహేను కిలోల సెట్టులో సగం బరువు ఒక పక్కన ట్రాన్స్‌ఫార్మరే. అట్టపెట్టె ఒక్కసారి కిందపడితే చాసిస్ వంగుతుంది, బోర్డు పగులుతుంది, నాబ్ షాఫ్టులు విరుగుతాయి. తప్పనిసరైతే పెట్టెలో పెట్టె పెట్టి, మధ్యలో అన్ని వైపులా గట్టి థర్మోకోల్ దట్టించండి. వాల్వులు పీకి విడిగా చుట్టండి. గుంటూరైతే అసలు ఆలోచించక్కర్లేదు, సెట్టు ఒళ్లో పెట్టుకుని బస్సెక్కితే గంటకు అటూ ఇటూ.

మాస్టారికి చివరికి నేను అలాగే తీసుకెళ్లాను. ఆ రెండు కండెన్సర్లు మార్పించి, రెండు పేజీల చిట్టా రాసుకుని, నెల తర్వాత ఫోన్ చేస్తే తీసుకురమ్మన్నారు. అప్పగించిన మూడో రోజు రాత్రి ఫోన్. "హమ్ వస్తోందండీ, గుయ్‌మని." గుండె గుభేలుమంది. టీవీ సౌండు కూడా ఆంప్‌లోకే ఇచ్చారా అని అడిగాను. ఇచ్చారట. "టీవీకి వచ్చే కేబుల్ వైరు ఒకసారి పీకి చూడండి మాస్టారూ" అన్నాను. అటువైపు కాసేపు చప్పుడు లేదు. తర్వాత పాట వినిపించింది.