స్పానిష్ రెండో ఏడాది: ఎక్కడ తప్పుతోంది, ఎలా సరిచేసుకోవాలి

నెల్లూరులో స్కూల్ స్పానిష్‌కి సాయంత్రం ట్యూషన్ చెబుతుంటాను. మొదటి ఏడాది పిల్లలకు హాయిగా గడిచిపోతుంది. పేరు, ఊరు, ఇంట్లో ఎవరెవరుంటారు, ఏం తింటారు, అంతే కదా. రెండో ఏడాదిలో, యూరప్ భాషా స్థాయిల లెక్కలో ఏ2 దాటి బీ1 వైపు నడిచేటప్పుడు, తొంభైలు తెచ్చుకున్నవాళ్ళకే అరవైలు రావడం మొదలవుతుంది. పిల్ల చదవడం మానేసిందని ఇంట్లో టెన్షన్. చాలామంది విషయంలో చదువు తగ్గలేదు, దారి తప్పింది. తెలుగులో ఆలోచించి, ఇంగ్లీష్‌లోకి మార్చి, అక్కడి నుంచి స్పానిష్‌లోకి తెస్తున్నారు. స్పానిష్‌లో కష్టమని పేరున్న చాలా విషయాలు ఇంగ్లీష్‌లో లేవు, తెలుగులో ఉన్నాయి. తెలుగు పనికిరాని చోట్లు కూడా ఉన్నాయి, అవీ చెబుతాను.

స్పానిష్ మాటలు తెలుగు లిపిలోనే రాస్తున్నాను. దీర్ఘం కనిపించిన చోట నొక్కి పలకండి, సాగదీయక్కర్లేదు.

“గతం గురించి రాసిన ప్రతి పేరాకీ ఎర్ర గీతలే”

రెండో ఏడాదిలో ఎక్కువ మార్కులు పోయేది ఇక్కడే. స్పానిష్‌లో జరిగిపోయినదాన్ని చెప్పడానికి ప్రెతేరితొ, ఇంపెర్‌ఫేక్తొ అని రెండు రూపాలు. ఏది ఎక్కడ వాడాలో తేలదు.

తొమ్మిదో తరగతి అమ్మాయి ఒకామె చిన్నప్పటి ఆదివారాల మీద రాసిన పేరా చూడండి. పై వరుసలో పెన్సిల్‌తో ఇంగ్లీష్, కింద పెన్నుతో స్పానిష్. పైన ‘వెంట్’ అని ఉన్న ప్రతిచోటా కింద ‘ఫ్వీ’ అని పెట్టింది. తాతతో మైపాడు బీచ్‌కి ‘ఫ్వీ’, మొక్కజొన్న పొత్తులు ‘కొమీ’, ఇసుకలో ‘హుగే’. విడివిడిగా చూస్తే అన్నీ సరైన రూపాలే. కలిపి చదివితే మాత్రం ఏదో ఒక్క ఆదివారం జరిగిన సంగతిలా ఉంది. ఆ పిల్ల చెప్పాలనుకున్నది వారం వారం జరిగినది.

అదే పేరాని తెలుగులో చెప్పమన్నాను. “తాతతో మైపాడు వెళ్ళేదాన్ని. పొత్తులు తినేదాన్ని. ఇసుకలో ఆడుకునేదాన్ని. ఒక ఆదివారం పెద్ద వాన పడింది, వెళ్ళలేదు.” జవాబు అందులోనే ఉంది. వెళ్ళేదాన్ని అంటే ‘ఈబ’, తినేదాన్ని అంటే ‘కొమీఅ’, ఆడుకునేదాన్ని అంటే ‘హుగాబ’. ఇవన్నీ ఇంపెర్‌ఫేక్తొ. పడింది అంటే ‘యొబ్యో’, వెళ్ళలేదు అంటే ‘నొ ఫ్వీమొస్’. ఇవి ప్రెతేరితొ. ఇంగ్లీష్ ‘వెంట్’ ఈ తేడాని మింగేస్తుంది, తెలుగు దాచుకోదు.

ఇంకో రకం వాక్యం: “చదువుకుంటుంటే కరెంటు పోయింది.” స్పానిష్‌లో ‘ఎస్తుద్యాబ క్వాందొ సె ఫ్వే ల లూస్’. సాగుతున్న పని ఇంపెర్‌ఫేక్తొ, మధ్యలో వచ్చిపడింది ప్రెతేరితొ. వాళ్ళు కూడా కరెంటు ‘పోయింది’ అనే అంటారు, ‘సె ఫ్వే’.

అలాగే ‘సబీఅ’ అంటే అప్పటికే తెలుసు, ‘సూపె’ అంటే అప్పుడే తెలిసింది. పాఠ్యపుస్తకాలు దీన్ని ‘అర్థం మారే క్రియలు’ అని ప్రత్యేకంగా ఒక పేజీ కేటాయించి భయపెడతాయి. తెలుసు, తెలిసింది మధ్య తేడా మనవాళ్ళకు ఎవరూ నేర్పక్కర్లేదు.

కాబట్టి చేయాల్సింది ఇది. పై వరుసలో ఇంగ్లీష్ రాయడం మానేసి తెలుగు రాయండి. వెళ్ళేవాణ్ణి, ఉండేది, చేసేవాళ్ళం లాంటివి, చదువుకుంటుంటే లాంటివి కనబడితే ఇంపెర్‌ఫేక్తొ. వెళ్ళాను, అయింది, చేశాం కనబడితే ప్రెతేరితొ. ఒకచోట జాగ్రత్త కావాలి: వయసు, గడియారంలో టైమ్ గతంలో చెప్పేటప్పుడు తెలుగు ఏమన్నా సరే, ఇంపెర్‌ఫేక్తొనే. ఆరు గంటలయింది అనాలన్నా ‘ఏరన్ లస్ సేయ్స్’.

రూపాలు బట్టీ పట్టే టైమ్ ఎలా పంచుకోవాలంటే, ఇంపెర్‌ఫేక్తొలో దారి తప్పే క్రియలు మూడే మూడు: సేర్ (ఇంగ్లీష్ ‘బి’ లాంటిది), ఈర్ (వెళ్ళడం), బేర్ (చూడడం). వాటికి ఏర, ఈబ, బెయీఅ. ఒక్క సాయంత్రం చాలు. మిగతా శ్రమంతా ప్రెతేరితొ మీద పెట్టండి: తూబె, ఈసె, దీహె, పూసె, బీనె. ‘ఫ్వీ’ వెళ్ళడానికీ, ‘సేర్’ క్రియకీ ఒకటే రూపం. వాక్యం చూసే తేల్చుకోవాలి.

“నాకు ఇష్టం అని రాసినా తప్పంటున్నారు”

‘యొ గూస్తొ’ అని రాస్తారు. ఇంగ్లీష్‌లో ‘ఐ లైక్’ ఉంది కాబట్టి ‘యొ’ పెట్టేశారు. తెలుగులో “నేను ఇష్టం” అని ఎవరైనా అంటారా? నాకు ఇష్టం. స్పానిష్‌లోనూ అంతే: ‘మె గూస్త’. ‘మె’ అంటే నాకు.

పాట నచ్చింది, పాటలు నచ్చాయి అని మనం క్రియని పాటతో కలుపుతాం. వాళ్ళూ ‘మె గుస్తో ఎస్త కన్స్యోన్’, ‘మె గుస్తారొన్ ఎస్తస్ కన్స్యోనెస్’ అంటారు. నాకనిపిస్తోంది అంటే ‘మె పరేసె’. నాకు తల నొప్పిగా ఉంది అంటే ‘మె ద్వేలె ల కబేస’. ఈ పాఠం దగ్గర తెలుగు పిల్లలు తడబడాల్సిన పనే లేదు.

కాకపోతే ఆకలి, దాహం, నిద్ర, చలి, భయం, వయసు ఈ వరుసలోకి రావు. మనకు “నాకు ఆకలేస్తోంది”. వాళ్ళకు ‘తేంగొ ఆంబ్రె’, నా దగ్గర ఆకలి ఉంది అన్నట్టు. ఇవి కొన్నే, విడిగా ఒక కాగితం మీద రాసి గోడకి అంటించుకోండి.

ఇదే కోవలో ఇంకొకటి: ప్రతి వాక్యం ‘యొ’తో మొదలుపెట్టడం. “రేపు వస్తాను” అన్నప్పుడు ‘నేను’ అవసరం లేదు కదా, అక్కడా అవసరం లేదు. నొక్కి చెప్పాలంటేనే ‘యొ’.

“మనిషి ముందు ఆ ‘అ’ ఎందుకొస్తుందో, ఎప్పుడు మర్చిపోతానో తెలియట్లేదు”

‘బీ ఎల్ మార్’ అంటే సముద్రం చూశాను. ‘బీ అ తు ఎర్మానొ’ అంటే మీ అన్నని చూశాను. సముద్రానికి లేని ‘అ’ అన్నకి వచ్చింది. తెలుగులో కూడా “సముద్రం చూశాను” అంటాం, “మీ అన్న చూశాను” అనం. మనుషులకి ‘ని’ తప్పదు, వస్తువులకి వదిలేయొచ్చు. తెలుగు వాక్యంలో మనిషి పక్కన ‘ని’ వచ్చిందా, స్పానిష్‌లో ‘అ’ పెట్టండి. ఇంగ్లీష్ మాత్రమే తెలిసినవాళ్ళకి ఈ ‘అ’ అలవాటు కావడానికి చాలా కాలం పడుతుంది.

‘లొ’, ‘లె’ కూడా ఈ లెక్కనే: ‘లొ’ వాణ్ణి, ‘లె’ వాడికి. రెండూ పక్కపక్కన వస్తే మాత్రం ‘లె’ కాస్తా ‘సె’ అవుతుంది. వాడికి దాన్ని ఇస్తాను అంటే ‘సె లొ దోయ్’.

“ఎస్, ఎస్తా ఎప్పుడూ తారుమారు”

‘ఎస్’ సేర్ క్రియ రూపం, ‘ఎస్తా’ ఎస్తార్ క్రియ రూపం. శాశ్వతమైతే సేర్, తాత్కాలికమైతే ఎస్తార్ అని నేర్పుతారు. ఆ సూత్రం సగం దూరమే వస్తుంది. చనిపోయాడు అనడానికి ‘ఎస్తా మ్వేర్తొ’, మరణం తాత్కాలికం కాదుగా.

“మా నాన్న డాక్టర్.” ఇక్కడ తెలుగులో క్రియే లేదు. క్రియ లేని వాక్యానికి ‘ఎస్’: మి పాద్రె ఎస్ మేదికొ. “మా నాన్న ఇంట్లో ఉన్నారు.” ఉన్నారు వచ్చింది కాబట్టి ‘ఎస్తా’: మి పాద్రె ఎస్తా ఎన్ కాస. పాలు వేడిగా ఉన్నాయి, అదీ ‘ఎస్తా’. ఇంతవరకూ తెలుగు చేయి పట్టుకుని నడిపిస్తుంది.

తప్పుదారి పట్టించేవి రెండు. “అన్నయ్య పొడుగ్గా ఉంటాడు” అని మనం ‘ఉంటాడు’ చేరుస్తాం, వాళ్ళకు అది మనిషి తీరు, కాబట్టి ‘ఎస్ ఆల్తొ’. ఇక పెళ్ళి, మీటింగ్, మ్యాచ్ ఎక్కడ జరుగుతుందో చెప్పాలంటే ‘ఎస్’: ల బోద ఎస్ ఎన్ కావలి. పెళ్ళికొడుకు కావలిలో ఉంటే ‘ఎస్తా’, పెళ్ళి కావలిలో ఉంటే ‘ఎస్’.

“రాతలో బాగానే ఉన్నాను, ఓరల్ టెస్ట్‌లో మార్కులు పడిపోతున్నాయి”

మీ గొంతు ఫోన్‌లో రికార్డ్ చేసి వినండి. ‘టాకో’, ‘టు’, ‘డోండే’ అని ట, డ వినిపిస్తే కారణం దొరికినట్టే. స్పానిష్‌లో అవి పళ్ళకు తగిలే త, ద. తాకొ, తు, దోందె. మన నోటికి పుట్టుకతో వచ్చిన శబ్దాలు వదిలేసి ఇంగ్లీష్ అక్షరం చూసి ట పలుకుతున్నాం.

అచ్చులూ అంతే. అ, ఎ, ఇ, ఒ, ఉ, ఐదే. ఒక్కోటి ఎక్కడైనా ఒకేలా పలుకుతుంది. ‘పేరొ’ అంటే కానీ, ‘పేర్రొ’ అంటే కుక్క. గొర్రె, బర్రె అన్నప్పుడు నాలుక ఎలా ఆడుతుందో అలాగే అనండి, ఆ ర్ర కోసం వీడియోలు వెతకక్కర్లేదు. ‘హెచ్’ అక్షరం మూగది, ‘వి’ అక్షరం బ శబ్దమే. ఆ బ రెండు అచ్చుల మధ్య పడితే మెత్తబడి వ వైపు జారుతుంది.

నా దగ్గర పిల్లలతో పాఠాన్ని ఒకసారి తెలుగు లిపిలో రాయించి, గట్టిగా చదివిస్తాను. ఆ కాగితాన్ని తర్వాత పక్కన పడేయాలి, లేకపోతే స్పెల్లింగ్ రాదు.

నొక్కు తప్పితే అర్థమే మారిపోతుంది. ‘ఆబ్లొ’ మాట్లాడతాను, ‘అబ్లో’ మాట్లాడాడు. రాతలో తేడా చివరి అక్షరం మీద చిన్న గీత. అచ్చుతోగానీ న్, స్ లతోగానీ ముగిసే మాటకు చివరి నుంచి రెండో సిలబల్ మీద నొక్కు, మిగతావాటికి చివరి సిలబల్ మీద. ఈ లెక్కకు లొంగని మాటలమీదే ఆ గీత కనిపిస్తుంది. ఒకేలా పలికే ‘తు’ (నువ్వు), ‘తు’ (నీ) లాంటి జంటల్ని విడదీయడానికి కూడా అదే గీత వాడతారు. గీతలు పెట్టడం అలంకారం అనుకుని వదిలేస్తే ప్రెతేరితొ అంతా పాడవుతుంది.

“ఆడియో పెడితే ఒక్క ముక్క పట్టుబడదు”

మాటలు తెలియక కాదు, అతుక్కుని రావడం వల్ల. ‘లొస్ అమీగొస్’ చెవికి ‘లొసమీగొస్’ అని చేరుతుంది. పైగా స్పెయిన్ మనిషి ఒకలా, మెక్సికో మనిషి ఒకలా పలుకుతారు. కరీబియన్ తీరంలో చివరి స్ చాలాసార్లు వినిపించదు. స్పానిష్ 20 దేశాల్లో అధికార భాష, ఒకే గొంతు ఎలా ఉంటుంది?

అర నిమిషం ముక్క తీసుకోండి. ముందు చూడకుండా వినండి, తర్వాత రాతప్రతి చూస్తూ వినండి, ఎక్కడ మాటలు కలిశాయో పెన్సిల్‌తో వంపు గీయండి, ఆపైన ఆ గొంతుతోపాటే మీరూ పలకండి. గంటసేపు సినిమా పెట్టి సబ్‌టైటిల్స్ చదువుకోవడం కంటే ఇది మేలు.

పుస్తకంలో ఉన్న ‘బొసోత్రొస్’ యాప్‌లో లేదని కంగారు పడేవాళ్ళున్నారు. ‘మీరంతా’ అని చనువుగా అనడానికి స్పెయిన్‌లో అది వాడతారు, లాటిన్ అమెరికాలో దాని బదులు ‘ఉస్తేదెస్’. పరీక్షకు మీ పుస్తకం ఏది చెబితే అది.

“ఎల్, ల గుర్తుండవు”

స్పానిష్‌లో ప్రతి నామవాచకానికీ లింగం ఉంటుంది: పుంలింగానికి ముందు ‘ఎల్’, స్త్రీలింగానికి ముందు ‘ల’. ఇక్కడ తెలుగు సాయం చేయదు. మనకు బల్ల, కుర్చీ అన్నీ ‘అది’. తెల్ల ఇల్లు, తెల్ల ఇళ్ళు, విశేషణం కదలదు. వాళ్ళకు ‘లస్ కాసస్ బ్లాంకస్’, మూడూ కలిసి మారాలి. అందుకే కొత్త మాటని ఒంటరిగా ఎప్పుడూ రాసుకోకండి. ‘కాస’ అని కాదు, ‘ల కాస’ అని రాసుకోండి, అలాగే పలకండి. ఎల్ ప్రొబ్లేమ, ఎల్ దీఅ, ల మానొ, ల ఫోతొ లాంటి ఎదురు తిరిగేవి వేరే రంగులో. పేరా రాయడం అయ్యాక నామవాచకం కింద గీత గీసి, దాని విశేషణం దాకా బాణం లాగి చూసుకోండి. రెండు నిమిషాల పని, చాలా మార్కులు నిలుస్తాయి.

“సబ్‌జంక్టివ్ దగ్గర చేతులెత్తేశాను”

మొదట ఈ రెండు చూడండి. “వస్తున్నానని చెబుతోంది” అంటే ‘దీసె కె బ్యేనె’. “రమ్మని చెబుతోంది” అంటే ‘దీసె కె బేంగ’. మొదటిది సమాచారం, రెండోది కోరిక. ‘రమ్మని’, ‘రావాలని’ దగ్గర స్పానిష్ రూపం మారుతుంది, ఆ మారిన రూపమే సబ్‌జంక్టివ్. నువ్వు రావాలని నాకుంది: క్యేరొ కె బేంగస్. కర్త ఒకరే అయితే మాత్రం మారదు: నేను రావాలనుకుంటున్నాను, ‘క్యేరొ బెనీర్’. తెలుగులో రెండుచోట్లా ‘రావాలని’ ఉంది కాబట్టి, ఎవరు కోరుతున్నారు, ఎవరు రావాలి అని అడిగి చూసుకోవాలి.

అనుమానం, సంతోషం, బాధ చెప్పే వాక్యాలకు తెలుగు గుర్తు దొరకదు, అభ్యాసమే. ఇంకా జరగనిదానికి ‘క్వాందొ’ వస్తే కూడా ఇదే రూపం: ఇంటికి చేరాక ఫోన్ చెయ్, ‘క్వాందొ యేగెస్ అ కాస, యామమె’.

‘పొర్’, ‘పార’ గొడవకి ఇప్పటికి ఇది చాలు. వల్ల, మీదుగా, బదులు అయితే పొర్. కోసం, ఫలానా రోజుకల్లా అయితే పార. కావలి మీదుగా ఒంగోలు: ‘పొర్ కావలి’. పరీక్ష కోసం: ‘పార ఎల్ ఎక్సామెన్’.

నెల రోజులు ఇలా చేసినా ఒక తప్పు పోకపోతే టీచర్ దగ్గరికి వెళ్ళండి. ‘నాకు గ్రామర్ రావట్లేదు’ అంటే వాళ్ళు కూడా ఏం చేయలేరు. తప్పు వచ్చిన వాక్యం, దాని పైన మీ తెలుగు వాక్యం, ఆ రూపమే ఎందుకు పెట్టారో ఒక్క లైను, ఈ మూడూ ఉన్న నోట్‌బుక్ పేజీ ముందు పెట్టండి.