లగ్గు నొక్కడం నేర్చుకుందాం - 4వ పాఠం: నొక్కిన లగ్గును పరీక్షించడం

పోయిన పాఠంలో వైరు ఒలవడం, సైజుకు తగ్గ లగ్గు (వైరు కొనను గొట్టంలో పెట్టి నొక్కి, బోల్టుకు బిగించే లోహపు ముక్క) ఎంచుకోవడం, రాచెట్ టూల్‌తో (పూర్తిగా నొక్కేదాకా వదలని ప్లయర్) నొక్కడం చూశాం. ఈసారి నొక్కిన లగ్గు బాగుందో లేదో తేల్చుకుందాం. ఈ పాఠాలన్నిటిలో నాకు ఇదే ముఖ్యం. చిత్తూరు వైపు మామిడి తోటల్లో బోరు మోటారు కాలిపోతే అందరూ ముందు వోల్టేజీనే తిడతారు. స్టార్టర్ బాక్సులో ఒక ఫేజు లగ్గు నల్లబడి ఉందేమో అని చూసేవాళ్లు తక్కువ. ఆ ఒక్క ఫేజు తెగిందంటే మిగతా రెండిటి మీద భారం పడి వైండింగ్ కాలుతుంది. మోటారు పైకి తీయించడం, రీవైండింగ్, అన్నీ రైతు నెత్తినే.

చాలామంది మల్టీమీటర్ పెట్టి, బీప్ రాగానే పని అయిపోయిందనుకుంటారు. ఒక్క పోగు తగిలినా బీప్ వస్తుంది. 10 ఆంపియర్లు లాగే మోటారుకి లగ్గు దగ్గర 0.05 ఓం అడ్డు ఉన్నా అక్కడ 5 వాట్ల వేడి పుడుతుంది. వేలి కొనంత చోట అది చిన్న వేడి కాదు. ఆ 0.05 ఓంని చేతి మీటరు పట్టలేదు, దాని లీడ్ల రెసిస్టెన్సే అంతకన్నా ఎక్కువ. కాబట్టి బీప్‌ని నమ్మకండి.

కంటితోనే మొదలుపెట్టండి. 2.5 చదరపు మి.మీ. వైరుకి నొక్కిన నీలం లగ్గు ఒకటి వెలుతురులో పట్టుకోండి. బోల్టు పెట్టే వైపు నుంచి చూస్తే గొట్టం దాటి పోగుల కొనలు కొద్దిగా, ఒక మిల్లీమీటరు దాకా, బయటికి కనిపించాలి. కనిపించకపోతే వైరు పూర్తిగా లోపలికి వెళ్లలేదు, లేదా ఇన్సులేషన్ కూడా గొట్టంలో ఇరుక్కుంది. మరీ పొడుగ్గా వస్తే బోల్టు కింద నలుగుతాయి. వెనక వైపు రాగి అసలు కనపడకూడదు. నొక్కుడు గుర్తు గొట్టం మధ్యలో పడాలి, ప్లాస్టిక్ చిట్లకూడదు. ఒలిచేటప్పుడు పోగులు తెగాయేమో కూడా చూడండి. 36 పోగుల వైరులో నాలుగు తెగితే తొమ్మిదో వంతు రాగి పోయినట్టే. పోగులకు ముందే సోల్డర్ పూసి నొక్కడం మాత్రం వద్దు. సోల్డర్ మెత్తన, ఒత్తిడికి మెల్లగా జారి కొన్నాళ్లకు పట్టు వదులవుతుంది.

కంటికి అందని తప్పులు లాగితే బయటపడతాయి. పనిలో వాడని ముక్క మీద మాత్రమే ఇది చేయాలి. క్రింపుల (ఇలా నొక్కిన అతుకుల) అంతర్జాతీయ ప్రమాణం ఐఈసీ 60352-2 ప్రకారం 1.5 వైరు 150 న్యూటన్లు, 2.5 వైరు 230 న్యూటన్లు తట్టుకోవాలి. అంటే సుమారు 15, 23 కిలోలు. 2.5 వైరుకి నిండా నీళ్లున్న 20 లీటర్ల వాటర్ క్యాన్, దానికి తోడు నాలుగు కిలోల బరువు చాలు. ముక్కను కొంచెం ఎక్కువ ఒలవండి, ఇన్సులేషన్ లగ్గులోకి రాకూడదు. లేకపోతే మీరు చూసేది రాగి పట్టు కాదు, ప్లాస్టిక్ పట్టు. లగ్గును బోల్టుతో గట్టిగా బిగించి, క్యాన్‌ని వైరు రెండో కొనకు కట్టి నేలకు జానెడు ఎత్తులో మెల్లగా వదలండి. క్యాన్ కింద కాళ్లు పెట్టకండి.

వైరు జారి బయటికొస్తే నొక్కుడు చాలలేదు, లేదా లగ్గు పెద్దది. ఆ బరువుకే గొట్టం అంచున పోగులు తెగితే నొక్కుడు ఎక్కువై రాగి కోసుకుపోయింది. రెండిటికీ మందు ఒకటే కాదు, అందుకే ఎలా పోయిందో తప్పకుండా చూడండి.

ఇంకో ముక్కను నొక్కిన చోట హాక్సా బ్లేడుతో అడ్డంగా కోసి, సన్న ఆకురాయితో నున్నగా చేసి భూతద్దంలో చూడండి. మంచి క్రింపులో గుండ్రటి పోగులు ఒకదాన్నొకటి నొక్కుకుని తేనెపట్టు గదుల్లా కోణాలు తేలి ఉంటాయి. మధ్యలో నల్లటి సందులుంటే అక్కడ గాలి, తేమ చేరతాయి.

తోటలో పాత లగ్గులు చూసేటప్పుడు మెయిన్ దించకుండా బాక్సులో చెయ్యి పెట్టకండి. వ్యవసాయ సప్లై వేళలకు ఆటో స్టార్టర్ పెట్టుకున్నవాళ్లే ఎక్కువ, కరెంటు రాగానే మోటారు తనంతట తనే తిరుగుతుంది. ఫ్యూజులు పీకి జేబులో వేసుకోండి, టెస్టర్‌తో మూడు ఫేజులూ చూడండి. మూడు లగ్గుల్లో ఒకదాని దగ్గర ప్లాస్టిక్ రంగు మారి ఉంటే దాన్ని కోసేసి కొత్తది వేయండి. పాతదాన్నే మళ్లీ నొక్కకండి.

ఈ వారం పని: నాలుగు నీలం లగ్గులు, రెండు రాచెట్ టూల్‌తో, రెండు మామూలు ప్లయర్‌తో నొక్కండి. నాలుగిటికీ అదే బరువు కట్టి, ఏది జారిందో, ఏది తెగిందో రాసి పెట్టుకోండి. వచ్చే పాఠంలో మోటారు కేబుల్ మందపాటి లగ్గులు మొదలుపెడదాం.