ఫుట్‌బాల్ ఇంజన్ నేమ్‌ప్లేట్ అట్టతో చేసుకోవడం ఎలా

1936 నుంచి ఇంగ్లండ్‌లో ఎల్ఎన్ఈఆర్ అనే రైల్వే కంపెనీ కొన్ని బి17 రకం స్టీమ్ ఇంజన్లకి ఆర్సెనల్ లాంటి ఫుట్‌బాల్ క్లబ్బుల పేర్లు పెట్టింది, ఆ నేమ్‌ప్లేట్ మొన్న తిరుపతిలో మా ఇంట్లో మావోడికి చేసిచ్చినా.

చీరల డబ్బా అట్ట మీద పెద్ద పళ్లెం పెట్టి వంపు గీయండి, అసలు నేమ్‌ప్లేట్ ఇంజన్ చక్రం పైన కూర్చునేది కాబట్టి వంపు రావాల్సిందే. పైన పేరు, కింద మధ్యలో ఇత్తడి బంతి, రెండు పక్కలా క్లబ్ రంగులు. బంతికి పాత టేబుల్ టెన్నిస్ బాల్ సగం కోసి అతికించి బంగారు రంగు రెండు కోట్లు వేయండి, మొదటిది ఆరాకే రెండోది, మేం తొందరపడితే అంతా వేలిముద్రలే.

మాంచెస్టర్ యునైటెడ్ పేరైనా ఓకే, అది 1878లో మాంచెస్టర్‌లోని న్యూటన్ హీత్‌లో రైలు పెట్టెల డిపో పనోళ్లు పెట్టిన టీమే, మన తిరుపతి క్యారేజ్ షాపు వాళ్లు పెట్టినట్టు అనుకోండి.