జేబుకత్తుల సేకరణ, 4వ పాఠం: చుక్కలు లెక్కపెట్టాక కత్తిని చూడటం

ఈసారి స్ప్రింగుల పాఠం కావాలి. కానీ ముద్ర కింది చుక్కలు చూసి కత్తి ఏ ఏడాదిదో చెప్పమని మూడో పాఠం చివర ఇచ్చిన అభ్యాసంలో ఎక్కువమంది ఒకేచోట బోల్తాపడ్డారు. అందుకని స్ప్రింగుల్ని వచ్చే పాఠానికి జరుపుతున్నాను.

ముందు చుక్కల లెక్క. అమెరికాలో పెన్సిల్వేనియాలోని బ్రాడ్‌ఫర్డ్ ఊరి కేస్ అనే కత్తుల కంపెనీ 1970లో ట్యాంగ్ మీది (బ్లేడు పిడిని కలిసేచోట, వాదర లేని మొదలు) ముద్ర కింద పది చుక్కలు పెట్టి, ఏడాదికొకటి చొప్పున తీసేస్తూ వచ్చింది. ఏడు చుక్కలు కనిపించగానే 1970కి ఏడు కలిపి 1977 అనేశారు. కలపకూడదు, 1980లోంచి తీసెయ్యాలి: అది 1973. చుక్కలు తగ్గేకొద్దీ కత్తి కొత్తది. 1980లో మళ్ళీ పది చుక్కలతో మొదలైంది. ఆ దశాబ్దపు ముద్రలో ‘ఎస్’ అక్షరం మెరుపుతీగలా కొసదేరి ఉంటుంది. అలాంటప్పుడు 1990లోంచి తీసెయ్యాలి. అంటే ఏడు చుక్కలు 1973 కావచ్చు, 1983 కావచ్చు, తేల్చేది ఎస్. నేనైతే ముందు ఎస్ చూసి తర్వాతే చుక్కలు లెక్కపెడతాను. చుక్కల్లేకుండా ‘యు.ఎస్.ఎ.’ ఉంటే 1965-69, అదీ లేక ఉత్త ‘కేస్ ఎక్స్ఎక్స్’ ఉంటే 1940-64. 1990 తర్వాతివి ఇప్పుడొద్దు.

ట్యాంగ్ వెనకవైపు ఉండే అంకె సంవత్సరమూ కాదు, వరుస నంబరూ కాదు. 6347 అంటే 6 ఎముక పిడి, 3 బ్లేడ్లు, 47వ నమూనా. 3318లో మొదటి 3 పసుపు ప్లాస్టిక్ పిడి. 5 అయితే జింక కొమ్ము. 6254 ట్రాపర్ అనే రెండు బ్లేడ్ల నమూనా, 6488 కాంగ్రెస్ అనే నాలుగు బ్లేడ్ల నమూనా. రెండో అంకెను చేతిలో ఉన్న బ్లేడ్లతో సరిచూడటం అలవాటు చేసుకోండి. మూడు బ్లేడ్ల కత్తి మీద 62తో మొదలయ్యే ముద్ర ఉందంటే ఆ బ్లేడు ఇంకో కత్తి నుంచి వచ్చి చేరింది.

తాతగారి పెట్టెలో దొరికిన జోసెఫ్ రోడ్జర్స్ కత్తి మీద చుక్కలు వెతికినవాళ్ళూ ఉన్నారు. అది ఇంగ్లండులోని షెఫీల్డ్ సరుకు, దాని గుర్తు నక్షత్రమూ మాల్టా శిలువా. ఈ లెక్క దానికి వర్తించదు.

ఇక అసలు కోపం తెప్పించిన విషయం. చుక్కలు కనబడలేదని ట్యాంగ్‌ను తోమేశారు. ఒకరు చింతపండుతో, ఒకరు నిమ్మచెక్కా ఉప్పుతో, ఇంకొకరు ఏకంగా ఉప్పుకాగితంతో. ముద్రలో అక్షరాల కంటే చుక్కల లోతు తక్కువ. ఉప్పుకాగితం చుట్టుపక్కల ఉక్కును అరగదీస్తుంటే ముందు మాయమయ్యేవి చుక్కలే. ఏడు చుక్కల కత్తి ఐదు చుక్కలదవుతుంది. 1973 కాస్తా 1975 అవుతుంది, మీ చేతులతో మీరే తప్పుడు తేదీ వేసినట్టు. చింతపండు ఇత్తడి బిందెకు మంచిదే. కార్బన్ ఉక్కును మాత్రం దాని పులుపు తినేసి చచ్చిన బూడిదరంగు చేస్తుంది. పైన కడిగినా ఇరుసు సందులోకి దిగిన పులుపు, ఉప్పు అక్కడే ఉండి రోజుల్లో తుప్పు లేపుతాయి. మోటారు చక్రం మీద మెరుగు పెట్టడం అన్నిటికన్నా ఘోరం: అక్షరాల అంచులు గుండ్రబడతాయి, బ్లేడు మీది ఎచింగ్ రాత పోతుంది, పిడి మీది బిళ్ళ అంచులు అరుగుతాయి. కొన్నవాడు ఎప్పటికీ క్షమించడు.

చెయ్యాల్సింది ఇది. ట్యాంగ్ మీద రెండు చుక్కలు కుట్టుమిషను నూనె వేసి రాత్రంతా వదిలెయ్యండి. కొబ్బరినూనె వద్దు, చలికి గడ్డకడుతుంది. పొద్దున చీపురుపుల్ల కొసతో అక్షరాల్లోని మట్టి కదిపి, మెత్తటి బ్రష్షుతో తీసి, పొడిగుడ్డతో తుడవండి. చిటికెడు ముఖానికి రాసుకునే పౌడరు రుద్ది, పైపైన తుడిస్తే తెలుపు గుంటల్లో నిలబడుతుంది. టార్చిని పక్కనుంచి, దాదాపు బ్లేడుకు సమాంతరంగా పట్టుకుని చూడండి. చూశాక పౌడరు నూనెతో తీసెయ్యాలి, ఉంచితే తేమ పడుతుంది. బూడిద, నీలి మరకలు తుప్పు కాదు, వాటిని తాకకండి. ఎర్రపొడి రాలేదే తుప్పు. దానికి నూనె, రాగిరేకు అంచు చాలు.

ఇప్పుడు నిండు బ్లేడు, అంటే నూరి అరగనిది. సానరాయి ఎంత తిన్నదో చూడటమే ఈ పాఠం. వాదర ట్యాంగ్‌ను కలిసేచోట చూడండి. నిండు బ్లేడులో గీత తిన్నగా వస్తుంది. బాగా నూరినదాంట్లో, రాయి అందని ఆ మూలలో చిన్న మెట్టు మిగిలిపోతుంది. బ్లేడ్లు ఒకదాన్నొకటి తప్పుకోవడానికి ఫ్యాక్టరీలోనే ట్యాంగ్ దగ్గర కొద్దిగా వంచుతారు, ఆ వంకర చూసి కంగారుపడి సరిచెయ్యబోకండి.

అమ్మేవాళ్ళ ఆకురాయి ఎక్కువగా ఆనేది కిక్ దగ్గర. ట్యాంగ్ కింద, వాదర మొదలయ్యే ముందు ఉండే చిన్న బొడిపె అది. మూసినప్పుడు స్ప్రింగుకు ఆనేది కిక్కే, వాదర తగలకుండా ఆపేదీ అదే. మొన విరిగిన బ్లేడుకు వాదర వైపు నుంచి అరగదీసి కొత్త మొన తీస్తే, ఆ మొన వీపు దగ్గరికి జరుగుతుంది. మూసినా పిడి అంచు దాటి పైకి పొడుచుకొస్తుంది, జేబులో చెయ్యి పెడితే గీసుకుంటుంది. దాన్ని దాచడానికి కిక్‌ను ఆకురాయితో నాలుగు రుద్దులు రుద్దుతారు. బ్లేడు లోపలికి దిగి మొన దాక్కుంటుంది. దాంతోపాటు గోటి గాడి కూడా దిగిపోయి గోరు సరిగా అందదు, వాదర వెళ్ళి స్ప్రింగును కొడుతుంది.

పట్టుకోవడం తేలిక. బ్లేడు తెరిచి, స్ప్రింగు లోపలి ముఖం మీద చీపురుపుల్లతో కాటుక పల్చగా పుయ్యండి. వీపు పట్టుకుని మెల్లగా మూసి, తెరిచి చూడండి. వాదరకు నలుపంటితే తగులుతున్నట్టే. మూశాక పైనుంచి వేలితో నొక్కకండి, నొక్కితే స్ప్రింగు వంగి మంచి కత్తి కూడా తగులుతుంది. కిక్ మీద ఆకురాయి గీతలు మాత్రమే ఉంటే తీర్పు చెప్పకండి. ఫ్యాక్టరీలోనూ కిక్‌ను సరిచేస్తారు. పక్క బ్లేడు కిక్ నల్లబడి, ఇది ఒక్కటే తెల్లగా మెరిస్తే అప్పుడు అనుమానించండి.

దాచుకునే మాట ఒక్కటి. పిడికి కర్పూరం వాసన వస్తే అది సెల్యులాయిడ్. ఏళ్ళ తరబడి ఆమ్లపు ఆవిర్లు వదులుతూ తన బ్లేడ్లనే కాదు, అదే పెట్టెలోని పక్క కత్తుల్నీ తుప్పు పట్టిస్తుంది. వేరే గదిలో, గాలి తగిలేలా ఉంచండి, మూత బిగించొద్దు. తోలు సంచిలో ఏ కత్తినీ నిలవ ఉంచకండి. ఇత్తడికి పచ్చ చిలుము పడుతుంది.

అభ్యాసం: పది కత్తులు, మీవి చాలకపోతే అంగట్లో అడిగి. ప్రతి బ్లేడు వెడల్పూ వెర్నియర్‌తో మూడుచోట్ల కొలవండి: ట్యాంగ్ పక్కన, మధ్యలో, మొనకు సెంటీమీటరు ఇవతల. అదే నమూనాకు చెందిన రెండు కత్తులు దొరికితే వాటి కొలతలు పక్కపక్కన రాయండి. మధ్యలో అర మిల్లీమీటరుకు మించి తేడా ఉన్న బ్లేడుకు కాటుక పరీక్ష చెయ్యండి. అమ్మేవాణ్ణి అడిగాకే.