బోన్ వెళ్తే ముందు ఆస్పత్రి చూడండి

మా అబ్బాయి డిజోన్‌లో చదువుకునే రోజుల్లో నన్ను బోన్ తీసుకెళ్లాడు. ఫ్రాన్స్‌లో, బుర్గుండి వైన్‌కి పేరుమోసిన పాత ఊరు. నేను వైన్ ముట్టను. ముప్పై ఏళ్లు నర్సుగా చేశాను కాబట్టి నన్ను అక్కడ కట్టిపడేసింది ఆస్పత్రి.

డిజోన్ నుంచి లోకల్ రైల్లో అరగంట లోపే. శనివారం వెళ్తే సంత కూడా ఉంటుంది. కానీ సంతలో పడకండి, పొద్దున్నే ముందు ఓటెల్ దియూకి వెళ్లండి. పేరు విని హోటల్ అనుకునేరు, అది పేదల ఆస్పత్రి. ఆ ప్రాంతాన్ని ఏలిన బుర్గుండి డ్యూక్ దగ్గర ఛాన్సలర్‌గా, అంటే ముఖ్యమంత్రిలా ఉన్న నికొలా రొలాఁ, ఆయన భార్య గిగోన్ 1443లో స్థాపించారు. వీధివైపు నుంచి చూస్తే మామూలు పలకల కప్పే. లోపలి పెరట్లోకి వెళ్లి తలెత్తండి. ఎరుపు, పసుపు, ఆకుపచ్చ పెంకులు, గళ్లచీర ఆరేసినట్టుంటాయి.

పెద్ద వార్డుకి మాత్రం కనీసం అరగంట ఉంచుకోండి. దాదాపు 50 మీటర్ల పొడవు, పైన బోర్లించిన పడవలాంటి చెక్క కప్పు. రెండు వైపులా గోడల వెంట చెక్క మంచాలు, వాటికి ఎర్ర తెరలు. రోగి లేవక్కర్లేకుండా పూజ చూసేలా చివర్లో పూజా పీఠం. ఒక్కో మంచం మీద ఇద్దరిని పడుకోబెట్టేవారట. జ్వరాల సీజన్‌లో మా వార్డులో మేమూ అదే చేశాం. నేను మధ్యలో నిలబడి చూశాను, నైట్ డ్యూటీలో ఒక్క మనిషి అక్కడి నుంచే రెండు వరుసలూ గమనించుకోవచ్చు. 1970ల దాకా ఈ ప్రాంగణంలో రోగులు ఉన్నారు, తర్వాత వైద్యం వేరే భవనానికి మారింది.

వంటిల్లు, మందుల గది త్వరగా చూసేయొచ్చు. పాతకాలపు చిత్రకారుడు రోఖియర్ వాన్ డెర్ వైడెన్ గీసిన అంతిమ తీర్పు చిత్రం దగ్గర మాత్రం ఆగండి. పెద్ద భూతద్దం పెట్టారు, అందులోంచి ముఖాలు చూడాలి.

మధ్యాహ్నం రెండు దాటితే చాలా చోట్ల భోజనం దొరకదు. మాకు దొరకలేదు. బేకరీలో గుజేర్ అనే చీజ్ బన్నులు కొనుక్కుని ఆకలి తీర్చుకున్నాం. తాగనివాళ్లు నల్ల ద్రాక్షలా కనిపించే కాసిస్ పండ్ల రసం అడగండి.

తర్వాత పొమ్మార్ అనే పల్లె వైపు నడవండి, మూడు నాలుగు కిలోమీటర్లు. దారి పొడుగునా రాతి గోడలు, ద్రాక్ష తోటలు. ఈ చుట్టుపక్కల ఆస్పత్రికి దాతలు రాసిచ్చిన తోటలు దాదాపు 60 హెక్టార్లున్నాయి. వాటి వైన్‌ని 1859 నుంచి వేలం వేస్తున్నారు. ఇప్పుడు నవంబర్ మూడో ఆదివారం, పీపాల లెక్కన. పీపాకి 228 లీటర్లు. ఆ డబ్బు ఇప్పటికీ ఆస్పత్రికే. మా ఊళ్లో గుడి మాన్యాలు తెలిసినదాన్ని కదా, వైద్యానికి మాన్యం అన్నమాట అనుకుని గోడ పక్కన చాలాసేపు నిలబడిపోయాను.

కాయలు మాత్రం కోయకండి. తిరుగు రైలు టైమ్ ముందే చూసి పెట్టుకోండి.