అడవిలో షబ్బాత్ – నాలుగవ పాఠం: శుక్రవారం మధ్యాహ్నపు లెక్క

పదమూడు నుంచి పదహారేళ్ల యూదు పిల్లలు పదిమందిని కొలరాడో కొండల్లోకి శుక్రవారం తీసుకెళ్లి ఆదివారం తిరిగి తెచ్చే నడకకు ప్రణాళిక వేయమని మూడవ పాఠంలో అడిగాను. మీరు పంపిన వాటిలో ఎక్కువ భాగం ఒకే చోట దెబ్బతిన్నాయి: సూర్యాస్తమయం 7:40కి కనుక ఏడింటికి విడిది చేరితే చాలునని రాశారు. యూదుల వారపు విశ్రాంతి దినమైన షబ్బాత్ శుక్రవారం సూర్యాస్తమయంతో మొదలవుతుందని చెప్పి, అంతకుముందే ఏమేం ముగియాలో నేను చెప్పలేదు. అందుచేత తాళ్ల పాఠం ఆపి ఈ లెక్కే మళ్లీ చేద్దాం.

ఆచారం పాటించే ఇళ్లలో సాధారణంగా సూర్యాస్తమయానికి 18 నిమిషాల ముందు దీపాలు వెలిగిస్తారు కనుక మన గడువు 7:22. ఆ తర్వాత నిప్పు రాజేయరు, వండరు, గుడారం వేయరు, ఆకు తుంచరు. ఏరూవ్ అనే హద్దు లేని బయలులో వస్తువులు మోయరు. అడవిలో ఆ హద్దును కర్రలతో, తాడుతో కట్టుకోవచ్చు గాని, కట్టే తీరును ముందుగా యూదు మతగురువైన రబ్బీని అడగాలి. నడక కూడా విడిది నుంచి రెండు వేల మూరలు, అంటే సుమారు ఒక కిలోమీటరు, దాటదు. శనివారం శిఖరం ఎక్కిద్దామన్నవారు దాన్ని ఆదివారానికి మార్చుకోండి.

ఇక వెనక్కి లెక్కపెట్టండి. నీళ్లు తెచ్చి వడగట్టడానికి 30 నిమిషాలు, గుడారాలకూ ఏరూవ్‌కూ కలిపి 45, రెండు రోజుల వంటకు 90, కాళ్లూ ముఖమూ కడిగి బట్టలు మార్చుకోవడానికి 30, మొత్తం 195. నాలుగు గంటలకల్లా భుజాల మీది సంచులు దిగాలి. నేనైతే మూడింటికే దించుతాను. హల్లా రొట్టెకు పిండిని జడలా అల్లడం పిల్లలే చేయాలి. గోళ్లలో పిండి ఇరుక్కున్న చేతులతో ఒకరి అల్లిక ఒకరు సరిదిద్దుకునే ఆ అరగంటను తొందరపెట్టకూడదు.

ఇంకొక పొరపాటు నన్ను నిజంగా బాధపెట్టింది. సగం ప్రణాళికలలో ప్రతి సాహసం తర్వాత ఒక ఉపన్యాసం ఉంది. బండ ఎక్కగానే సీనాయి పర్వతం, వాగు దాటగానే ఎర్రసముద్రం, దారి తప్పితే నలభై ఏళ్ల ఎడారి ప్రయాణం, గుడారం కారితే సుక్కోత్ పండుగ పందిరి! ఇంకా ఆయాసం తీరని పిల్లవాడికి తన అనుభవాన్ని మీ మాటల్లో చెప్పి చేతిలో పెడితే, అది వాడిది కాకుండా పోతుంది. పోలిక తోచవలసింది వాడికి. తోచకపోయినా నష్టం లేదు. జర్మనీలోని విహార సంఘాలు యూదు పిల్లలను దూరం పెడుతున్న రోజుల్లో, 1912లో బ్లావ్-వైస్ అనే విహార సంఘాన్ని ఏర్పరచుకున్న యూదు యువకులు తమవారితో కలిసి నడవడం ద్వారానే తామెవరో తెలుసుకోజూశారు. మీరు చేయవలసింది సమయాన్ని కాపాడడం, పని అప్పగించడం. ఇంట్లో ఏ ఆచారమూ లేని పిల్లలు గుంపులో తప్పక ఉంటారు. వారిని ఎవరి ముందూ ప్రశ్నించవద్దు, దీపం పట్టుకొమ్మని అడగండి చాలు.

శనివారం రాత్రి మూడు నక్షత్రాలు కనిపించాక షబ్బాత్‌ను ముగిస్తూ చేసే హవ్‌దాలా ఆచారం ఇందుకు మంచి ఉదాహరణ. పేటలుగా అల్లిన కొవ్వొత్తి గాలికి ఆరిపోకుండా పిల్లలు సంచులను అడ్డుపెట్టి దగ్గరగా చేరతారు. ఆ ఆచారంలో వాసన చూసే సుగంధానికి లవంగాలు మోసుకెళ్లకండి. జునిపర్ పొద ఆకును అరచేతిలో నలిపి ఒకరి నుంచి ఒకరికి అందిస్తే సరిపోతుంది. అయితే ఆ ఆకును శుక్రవారమే కోసి ఉంచాలి, లేదా నక్షత్రాలు వచ్చాకే తుంచాలి. ఈ సంగతి ముగ్గురే గమనించారు.

అభ్యాసం: వచ్చే శుక్రవారం మీ ఊరి సూర్యాస్తమయం చూసుకొని, మేడ మీదో పెరట్లోనో పైన చెప్పిన పనులన్నీ గడియారం పెట్టుకొని చేయండి. గడువు నుంచి శనివారం మూడవ నక్షత్రం వరకు ఫోను, పొయ్యి, కలం ముట్టవద్దు. తర్వాత, ఏ పనికి ఎన్ని నిమిషాలు ఎక్కువ పట్టిందో చేతిరాతతో పంపండి. అవి అందాకే తాళ్ల పాఠం మొదలుపెడతాను.